మంట లేదని షటర్ ఎత్తాం, పేలింది: సెల్లార్‌లో స్కూటర్ బ్యాటరీ కాల్

డెలివరీ హోస్ | శనివారం, రాత్రి 11:20

కోస్తాలో ఒక చిన్న టౌన్ స్టేషన్‌లో ఫైర్‌మన్‌ని. ఊరి పేరు రాయను, అడగొద్దు. పోయిన వారం ఒక కాల్‌కి వెళ్లొచ్చాం. అప్పట్నుంచి బుర్రలో అదే తిరుగుతోంది.

తెల్లారుజామున 4 గంటలకి 101కి ఫోన్. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ అంటుకుందని. మేం వెళ్లేసరికి షటర్ వేసి ఉంది. గాలి ఆడకపోతే ఆరిపోతుందని వాచ్‌మన్ కిందికి లాగేశాడట. షటర్ కింద సందులోంచి తెల్లగా, పొగమంచులా, నేలకి అంటుకుని పాకుతూ వస్తోంది. నల్ల పొగ ఏమీ లేదు. లోపల వెలుగు లేదు. చెయ్యి పెట్టి చూస్తే షటర్ గోరువెచ్చగా ఉంది, అంతే. నెయిల్ పాలిష్ మూత తీసినట్టు తియ్యటి వాసన. "ఆరిపోయిందిరా, ఎత్తండి" అన్నారు మా లీడింగ్ ఫైర్‌మన్ గారు.

నేనూ ఇంకొకతనూ చెరో వైపు పట్టుకుని నడుం ఎత్తు దాకా లేపాం. పది సెకన్లు ఏమీ లేదు. లోపల్నుంచి టప్ టప్ మని పేలాల చప్పుడు, ఆ వెంటనే ధబ్‌మంది. షటర్ రేకు వంగి నా భుజానికి కొట్టింది. నేను గోడ పక్కన పడ్డాను. అతను అప్పుడే లోపలికి తొంగి చూడబోయాడు. కనుబొమలు, సగం మీసం పోయాయి. హెల్మెట్ వైజర్ దించి ఉంది కాబట్టి కళ్లు దక్కాయి.

ఇక నా సందేహాలు. మంటే లేనప్పుడు పేలింది ఏంటి? తర్వాత నీళ్లు కొట్టాలా వద్దా అని అక్కడే గొడవ పడ్డాం. లిథియం మీద నీళ్లు పడితే పేలుతుందని ఒకరు, మంటలార్పే డీసీపీ పౌడర్ కొట్టమని ఒకరు. చివరికి నీళ్లే కొట్టాం. తప్పు చేశామా?

పాత సైరన్ | శనివారం, రాత్రి 11:48

ముందు ఆ కుర్రాడు ఎలా ఉన్నాడో చెప్పు నాయనా.

నేను స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌గా చేసి రిటైర్ అయ్యాను. మాకు నేర్పిన పాఠం ఏంటంటే, నల్ల పొగ వస్తే భయపడు, తెల్ల పొగ వస్తే మంట తగ్గుతోందని ఊపిరి పీల్చుకో. గడ్డివాములకీ, కిరాణా కొట్లకీ అది పనికొచ్చింది. ఈ బ్యాటరీల దగ్గర ఆ పాఠమే మనుషుల్ని చంపుతుంది. తెల్లగా, చల్లగా కనపడితేనే రెండడుగులు వెనక్కి వెయ్యాలి.

పెట్రోల్ ప్రేమికుడు | శనివారం, రాత్రి 11:55

అందుకే నేను ఎలక్ట్రిక్ కొనలేదు 😀 మా నాన్న స్కూటర్ 22 ఏళ్లు నడిచింది, ఒక్క నిప్పురవ్వ లేదు.

సెల్ డాక్టర్ | ఆదివారం, ఉదయం 7:10

బ్యాటరీ ప్యాక్‌ల టెస్టింగ్‌లో పనిచేస్తాను. ప్యాక్‌లని కావాలని పాడుచేసి చూడటమే నా ఉద్యోగం. హోస్ అన్న మొదటి ప్రశ్నకి జవాబు చెప్తా, కాస్త పొడుగు అవుతుంది.

సెల్ లోపల రెండు ఎలక్ట్రోడ్‌ల మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, సెపరేటర్ అంటాం. మామూలుగా వాడే పాలిథిలిన్ రకమైతే 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అది పోతే లోపల షార్ట్. వేడి వల్ల రసాయన చర్యలు, ఆ చర్యల వల్ల ఇంకా వేడి. దీన్నే థర్మల్ రన్‌అవే అంటారు. ఒక సెల్ పక్క సెల్‌ని కాలుస్తుంది, అది దాని పక్కదాన్ని. ఇది జరగడానికి బయటి గాలి అక్కర్లేదు. షటర్ వేసినా, దుప్పటి కప్పినా, పౌడర్ కొట్టినా లోపల పని లోపల నడుస్తూనే ఉంటుంది.

ప్రతి సెల్ పగిలినప్పుడు గ్యాస్ కక్కుతుంది. హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్, మీథేన్, ఇథిలీన్. వాటితోపాటు ఎలక్ట్రోలైట్ ద్రావకం ఆవిరి. మీరు చూసిన తెల్ల మంచులో ఎక్కువ భాగం ఆ ద్రావకం తుంపరలే, తియ్యటి వాసన కూడా దానిదే. అంటే నేల మీద పాకుతున్నది ఇంకా మండని ఇంధనం. మంట ఉన్నంతసేపూ ఆ గ్యాస్ పుట్టినచోటే కాలిపోతూ ఉంటుంది. వాచ్‌మన్ షటర్ వేశాడు, ఆక్సిజన్ చాలక మంట ఆరింది, గ్యాస్ మాత్రం పోగవుతూ వచ్చింది. హైడ్రోజన్ గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది. లోపల గాలి చాలనప్పుడు అంటుకోని మిశ్రమం, మీరు షటర్ ఎత్తగానే గాలి కలిసి సరిగ్గా అంటుకునే పాళ్లలోకి వచ్చింది. మీరు విన్న టప్ టప్ ఇంకో రెండు సెల్స్ పగిలిన చప్పుడు. అగ్గిపుల్ల అదే.

ఆ పది సెకన్లు అందుకు పట్టిన టైమ్.

డెలివరీ హోస్ | ఆదివారం, ఉదయం 8:02

సైరన్ గారూ, అతను బాగానే ఉన్నాడండి, బర్నాల్ రాసుకుని తిరుగుతున్నాడు. మీసం పూర్తిగా తీసేశాడు, వాళ్లావిడ నవ్వుతోందట.

డాక్టర్ గారూ, చదువుతుంటే వెన్నులో వణుకు వచ్చింది. గాలి కలిసే టైమ్‌లో మేం సరిగ్గా దాని మూతి దగ్గర నించున్నాం.

ఎడారి తెలుగోడు | ఆదివారం, ఉదయం 9:30 (ఇక్కడ ఇంకా శనివారం రాత్రే)

నేను ఉండేది అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన. మీ షటర్ కథే ఇక్కడ చాలా పెద్ద సైజులో జరిగింది. మా దగ్గర సర్‌ప్రైజ్ అనే ఊరు ఉంది (నిజంగా ఊరి పేరే అది). అక్కడ మెక్‌మికెన్ అనే చోట కరెంటు కంపెనీ వాళ్ల బ్యాటరీ స్టోరేజ్. ఒక కంటైనర్ లాంటి గది నిండా లిథియం అయాన్ ర్యాకులు, 2 మెగావాట్లది. 2019 ఏప్రిల్ 19 సాయంత్రం ఒక ర్యాక్‌లో మొదలైంది. మంటలార్పే గ్యాస్ ఆటోమేటిక్‌గా విడుదలైంది. అది మంటని రానివ్వలేదు కానీ రన్‌అవేని ఆపలేకపోయింది. అంటే మీ వాచ్‌మన్ చేసిన పనే అక్కడ ఖరీదైన సిస్టమ్ చేసింది.

దారిన పోయేవాళ్లు పొగ చూసి ఫోన్ చేశారు. హజ్‌మత్ టీమ్ (ప్రమాదకర రసాయనాలు చూసుకునేవాళ్లు) వచ్చింది, అన్ని మీటర్లూ ఉన్నవాళ్లే. నేల మీద తెల్లటి మేఘంలా పాకుతోందని వాళ్లూ గమనించారు. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ కొలిచారు. తొందరపడలేదు పాపం, చాలాసేపు ఆగారు. బయటికి వచ్చే ఆవిరి తగ్గిపోయాక తలుపు తీశారు. రాత్రి 8 దాటాక, తలుపు తీసిన మూడు నిమిషాలకి పేలింది. నలుగురు ఫైర్‌ఫైటర్లకి తీవ్ర గాయాలు, తలుపు దగ్గరున్నవాళ్లు కంచె దాకా ఎగిరిపడ్డారు.

మరుసటి ఏడాది వచ్చిన దర్యాప్తు రిపోర్ట్ మొత్తం చదివాను. నన్ను పట్టుకున్న విషయం ఒకటే: లోపల గ్యాస్ ఎంత ఉందో తలుపు తియ్యకుండా బయట్నుంచి తెలుసుకునే ఏర్పాటే ఆ గదికి లేదు. పేలుడు ఒత్తిడి పైకి పోయే దారీ లేదు. తెలుసుకోవాలంటే తలుపు తియ్యాలి, తీస్తే పేలుతుంది.

పెట్రోల్ ప్రేమికుడు | ఆదివారం, ఉదయం 9:41

ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీలైతే ఈ సమస్య లేదు కదా? మా బావ కొన్న బండి షోరూమ్‌లో "ఇది ఎల్ఎఫ్‌పీ సర్, కాలదు" అన్నారట.

సెల్ డాక్టర్ | ఆదివారం, ఉదయం 10:15

కాలదు అన్న సేల్స్‌మన్‌కి ఒక నమస్కారం.

ఎల్ఎఫ్‌పీ మెరుగే, ఒప్పుకుంటా. రన్‌అవే మొదలవడానికి ఎక్కువ వేడి కావాలి, ఆ తర్వాత కూడా అంత ఉధృతంగా ఉండదు. చిక్కు ఎక్కడంటే, తనంతట తాను మంట అంటుకోకుండానే గ్యాస్ కక్కేస్తుంది, ఆ గ్యాస్‌లో హైడ్రోజన్ పాలు బాగా ఉంటుంది. మూసిన గదిలో ఫైర్ వాళ్లకి ఇది ఇంకో రకం ముప్పు.

2021 ఏప్రిల్ 16, బీజింగ్‌లోని ఫెంగ్‌తాయ్. ఎల్ఎఫ్‌పీ స్టోరేజ్ స్టేషన్. దక్షిణం వైపు బిల్డింగ్ కాలుతుంటే సిబ్బంది దాని మీద పనిలో ఉన్నారు. ఏ మంటా లేని ఉత్తరం వైపు బిల్డింగ్ ఒక్కసారిగా పేలింది. ఇద్దరు ఫైర్‌ఫైటర్లు చనిపోయారు. కేబుళ్ల కోసం తవ్విన కాలువ గుండా గ్యాస్ ఇటునుంచి అటు చేరిందని దర్యాప్తులో తేలింది. కాలుతున్న బిల్డింగ్ మీద అందరి కళ్లూ ఉన్నాయి, పేలింది పక్కది.

పాత సైరన్ | ఆదివారం, ఉదయం 11:00

డ్రైనేజీ, లిఫ్ట్ గుంట, కేబుల్ డక్ట్, మెట్ల దారి. మన సెల్లార్లలో ఈ నాలుగూ ఉంటాయి. సికింద్రాబాద్ 2022 సెప్టెంబర్ 12 గుర్తుందా? కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి. మెట్ల దారే చిమ్నీ అయింది. ఎనిమిది మంది పోయారు. అదే ఏడాది ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు, ఇద్దరూ ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి. రాత్రి పూట, నిద్రలో. ఆ తర్వాతే కేంద్రం బ్యాటరీ నిబంధనలు బిగించింది. 2022 డిసెంబర్ నుంచి ఒక విడత, 2023 మార్చి చివరి నుంచి రెండో విడత. కొత్త బళ్లకి అది మేలు. పాత బళ్లు, రోడ్డు పక్క కట్టించిన ప్యాక్‌లు మన సెల్లార్లలోనే ఉన్నాయి.

ఇక పెట్రోల్ బాబూ, పెట్రోల్ బండి కాలినా మనుషులు పోతారు. దాని తీరు మాకు తెలుసు, అంతే తేడా. అది ఆరిపోతే ఆరిపోయినట్టే. పోటీ పెట్టడం ఆపి వింటే నీకే మంచిది.

పెట్రోల్ ప్రేమికుడు | ఆదివారం, ఉదయం 11:04

సరే బాబాయ్, వింటున్నా.

డెలివరీ హోస్ | ఆదివారం, మధ్యాహ్నం 1:25

నీళ్ల సంగతి ఎవరూ తేల్చలేదు.

సెల్ డాక్టర్ | ఆదివారం, మధ్యాహ్నం 2:00

నీళ్లే. మీరు చేసింది కరెక్ట్.

స్కూల్లో సోడియం ముక్క నీళ్లలో వేస్తే బుస్సుమనడం చూశాం, లిథియం దాని తమ్ముడే కదా అని ఈ భయం. లిథియం అయాన్ సెల్‌లో అలాంటి లోహపు ముద్ద ఉండదు, సమ్మేళనాల్లోనూ గ్రాఫైట్ పొరల్లోనూ సర్దుకుని ఉంటుంది. నీళ్లతో కాస్త చర్య జరిగినా, వేడి లాగేయడం వల్ల వచ్చే లాభం దానికంటే చాలా ఎక్కువ. డీసీపీ పైమంటని నొక్కుతుంది, సెల్‌ని చల్లార్చదు. మంట ఆర్పి వేడి ఉంచేయడం అంటే ఏంటో పైన చదివాం.

రీచార్జ్ చెయ్యలేని లిథియం సెల్స్ వేరే జాతి, వాటిలో లోహం ఉంటుంది. 2024 జూన్‌లో దక్షిణ కొరియా హ్వాసాంగ్‌లో 23 మంది చనిపోయిన ఫ్యాక్టరీలో తయారయ్యేవి అవే. ఆ వార్త చూసి స్కూటర్‌కీ అదే లెక్క అనుకుంటున్నారు చాలామంది.

నీళ్లతో ఇబ్బంది వేరే ఉంది. ప్యాక్ మూసిన పెట్టె. వాన పడినా లోపల తడవకూడదని కట్టినది. బయట ఎంత కొట్టినా లోపలి సెల్‌కి చేరదు.

ఎడారి తెలుగోడు | ఆదివారం, మధ్యాహ్నం 2:40

2021 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని స్ప్రింగ్‌లో ఒక టెస్లా చెట్టుకి గుద్దుకుని కాలితే దాదాపు 28 వేల గ్యాలన్ల నీళ్లు పట్టాయని వచ్చింది. మన లెక్కలో లక్ష లీటర్ల పైమాట.

డెలివరీ హోస్ | ఆదివారం, మధ్యాహ్నం 2:52

మా వాటర్ టెండర్ 4500 లీటర్లు. ఇరవై నాలుగు ట్రిప్పులు. మా టౌన్‌లో మునిసిపాలిటీ నీళ్లు వచ్చేది రోజు విడిచి రోజు 🙏

పాత సైరన్ | ఆదివారం, సాయంత్రం 4:30

కారుకి అంత. స్కూటర్‌కి అక్కర్లేదు. ఆర్పడమే లక్ష్యం అనుకోకుండా పక్కవి అంటుకోకుండా చూసుకుంటే సగం పని అయినట్టే. ఆస్ట్రేలియాలో 2021 జూలైలో జీలాంగ్ దగ్గర పెద్ద బ్యాటరీ స్టేషన్ అంటుకుంటే అక్కడివాళ్లు మండుతున్నదాన్ని మండనిచ్చి, పక్కవాటిని తడుపుతూ కూచున్నారు. నాలుగు రోజులు పట్టింది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. మన దగ్గర అలా కూచుంటే జనం రాళ్లేస్తారు, "చూస్తూ నించున్నారు" అని వీడియో పెడతారు. అది ఇంకో చర్చ.

సి బ్లాక్ సెక్రటరీ | ఆదివారం, సాయంత్రం 6:15

నమస్తే అండి, నేను మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ చూసుకుంటాను. చదువుతుంటే టెన్షన్ వచ్చేసింది. మా సెల్లార్‌లో 11 ఎలక్ట్రిక్ స్కూటర్లు. పొగ వస్తే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యమని వాచ్‌మన్‌కి చెప్పి ఉంచాను. అది కరెక్టేనా?

పాత సైరన్ | ఆదివారం, సాయంత్రం 6:40

అమ్మా, ఈ రాత్రికే ఆ మాట మార్చి చెప్పండి. తెల్ల ఆవిరి నిండాక లోపల ఏ స్విచ్ వేసినా, తీసినా నిప్పురవ్వే. లైటు స్విచ్ కూడా. వీలైతే మెయిన్ బయట్నుంచి ఆపాలి. షటర్ తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి, మూసి ఉంటే మూసే ఉంచాలి. జనాన్ని మెట్ల మీదుగా సెల్లార్‌లోకి దింపకుండా గ్రౌండ్ ఫ్లోర్ నుంచే బయటికి పంపాలి. 101కి చేసినప్పుడు "బ్యాటరీ బండి, సెల్లార్, షటర్ మూసి ఉంది" అని ఈ మూడు ముక్కలు చెప్పించండి. "పొగ వస్తోంది" అంటే మావాళ్లు చెత్తకుప్ప అనుకుని వస్తారు.

మావాళ్లకి నేను చెప్పేది: మూసిన తలుపుకి ఎదురుగా నించోవద్దు, మూలల పక్క నుంచి పనిచెయ్యండి. బీఏ సెట్ (ఊపిరికి గాలి సిలిండర్, మాస్కు) తగిలించకుండా ఆ తెల్లదనంలోకి అడుగు పెట్టొద్దు.

సెల్ డాక్టర్ | ఆదివారం, రాత్రి 7:20

బీఏ సెట్ గురించి ఒక మాట. ఎలక్ట్రోలైట్‌లో ఫ్లోరిన్ ఉన్న ఉప్పు కలుపుతారు, కాలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది. 2017లో స్వీడన్ పరిశోధకులు కొలిస్తే బ్యాటరీ ఒక్కో వాట్ అవర్‌కి 20 నుంచి 200 మిల్లీగ్రాములు తేలింది. మీ 2 కిలోవాట్ అవర్ల స్కూటర్‌కి కట్టి చూడండి, 40 గ్రాముల నుంచి 400 గ్రాములు. ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది, చర్మంలోంచి లోపలికి దిగుతుంది. చర్మానికి తగిలితే నీళ్లతో బాగా కడిగి కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాస్తారు. మీవాడు బర్నాల్‌తో ఊరుకోకుండా ఒకసారి డాక్టర్‌కి చూపించుకుంటే మంచిది. ఆ రాత్రి వేసుకున్న యూనిఫాం ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

డెలివరీ హోస్ | ఆదివారం, రాత్రి 7:31

ఉతికేశాం. అందరం.

మా స్టేషన్‌లో బీఏ సెట్లు రెండు. ఒకదాని సిలిండర్ రీఫిల్‌కి వెళ్లి నెల అయింది.

బ్యాటరీ బాషా | ఆదివారం, రాత్రి 9:05

సలాం అన్నా. నాకు ప్యాక్‌లు రిపేర్ చేసే షాప్ ఉంది. మమ్మల్నే అందరూ తిడతారని ఇంతసేపు రాయలేదు. నిజం చెప్తా, మాలో కొందరు తిట్టించుకునే పనులే చేస్తారు. కానీ నేను చూసిన కాలిన ప్యాక్‌లలో సగానికి కారణం చార్జర్.

మార్కెట్‌లో "48 వోల్టుల చార్జర్" అని అడిగితే రెండు రకాలు చేతికొస్తాయి. ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం) సెల్స్ 13 వరసలో కట్టిన ప్యాక్‌కి ఫుల్ చార్జ్ 54.6 వోల్టులు. ఎల్ఎఫ్‌పీ 16 వరసలో కట్టినదానికి 58.4. డబ్బా ఒకటే, పిన్ను ఒకటే. 58.4ది తీసుకెళ్లి 13 వరసల ప్యాక్‌కి పెడితే ఒక్కో సెల్‌కి దాదాపు 4.5 వోల్టులు పడుతుంది. దాని హద్దు 4.2. బీఎంఎస్ (ప్యాక్‌ని కాపాడే కంట్రోల్ బోర్డు) బాగుంటే కట్ చేస్తుంది. "మైలేజ్ తగ్గింది, బండి మధ్యలో ఆగుతోంది" అని కస్టమర్ వస్తే ఆ బీఎంఎస్‌ని బైపాస్ చేసి పంపేవాళ్లు ఉన్నారు. ఇక అడ్డేముంది? రాత్రంతా ఎక్కుతూనే ఉంటుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక ప్యాక్ విప్పితే నికెల్ పట్టీకి వెల్డింగ్ బదులు సోల్డర్ పెట్టి, పైన సెల్లోటేప్ చుట్టారు. సెల్స్ మీద పాత లాప్‌టాప్ స్టిక్కర్ల జిగురు ఇంకా ఉంది.

సెల్ డాక్టర్ | ఆదివారం, రాత్రి 9:30

బాషా భాయ్, ఈ ముక్క ఇక్కడ ఎవరూ రాయలేరు. థాంక్స్.

పాత సైరన్ | ఆదివారం, రాత్రి 9:44

హోస్, ఆ కాలిన స్కూటర్‌ని ఏం చేశారు?

డెలివరీ హోస్ | ఆదివారం, రాత్రి 10:10

అదే చెప్పబోతున్నా. పంచనామా కోసం పోలీస్ స్టేషన్ ఆవరణలో పెట్టారు, సీజ్ చేసిన బళ్ల వరసలో. మర్నాడు మధ్యాహ్నం అక్కడ్నుంచి ఫోన్, మళ్లీ పొగ వస్తోందని. సీటు కింద సగం ప్యాక్ కాలకుండా మిగిలి ఉందట. ఈసారి ఆరుబయట, మేమూ దూరంగా ఉన్నాం. పక్క బళ్లు లాగేసి, హోస్ పెట్టి గంటన్నర తడిపాం. తర్వాత ప్యాక్ ఊడదీయించి నీళ్ల డ్రమ్ములో ముంచి గోడ అవతల ఖాళీ స్థలంలో పెట్టించాం.

ఎడారి తెలుగోడు | ఆదివారం, రాత్రి 10:35

మర్నాడంటే త్వరగానే. 2018 మార్చిలో కాలిఫోర్నియా మౌంటెన్ వ్యూలో యాక్సిడెంట్ అయిన కారు బ్యాటరీ, యార్డుకి తీసుకెళ్లాక ఐదు రోజులకి మళ్లీ అంటుకుంది.

సెల్ డాక్టర్ | ఆదివారం, రాత్రి 10:50

డ్రమ్ము మీద మూత పెట్టలేదు కదా? నీళ్లలో కూడా కొంతసేపు బుడగలు వస్తాయి, అందులో హైడ్రోజన్ ఉంటుంది. మూత బిగిస్తే మళ్లీ మొదటి కథే. కొందరు తొందరగా డిశ్చార్జ్ అవుతుందని ఉప్పు వేస్తారు, బుడగలు ఇంకా ఎక్కువవుతాయి.

డెలివరీ హోస్ | ఆదివారం, రాత్రి 10:54

మూత ఉంది. కానిస్టేబుల్ గారు దోమలు రాకుండా పెట్టారు. ఇప్పుడే ఫోన్ చేసి తీయించా.

సి బ్లాక్ సెక్రటరీ | సోమవారం, ఉదయం 7:45

బాషా గారూ, పొద్దున్నే వాచ్‌మన్‌ని తీసుకుని 11 చార్జర్ల వెనకా చూశాను. ఎనిమిదింటి మీద కంపెనీ పేరు, వోల్టులు బండి పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. ఒకదాని మీద 58.4 అని ఉంది, ఆయన బండి ప్యాక్ పోయినేడు బయట మార్పించారట, ఏ రకమో ఆయనకే తెలీదు. రెండింటి మీద స్టిక్కరే లేదు.

బ్యాటరీ బాషా | సోమవారం, ఉదయం 7:58

ఆ మూడూ ఇప్పుడే పీకండి మేడమ్. బళ్లు మూడూ సెల్లార్‌లోంచి బయటికి, గోడకి దూరంగా పెట్టించండి. 58.4 ఆయన్ని ప్యాక్ తీసుకుని ఎవరైనా తెలిసినవాడి దగ్గరికి వెళ్లమనండి, సెల్స్ ఎన్ని వరసలో కట్టారో లెక్కపెట్టి చెప్తాడు. పది నిమిషాల పని.

సి బ్లాక్ సెక్రటరీ | సోమవారం, ఉదయం 8:20

పీకించాను. ఒకాయన పోట్లాటకి వచ్చారు, ఆఫీసుకి ఎలా వెళ్లాలని. హోస్ గారు రాసిన మొదటి పోస్ట్ చదివి వినిపించాను. ఆటోలో వెళ్లారు.